యూనివర్సిటీ రిహాబ్ రీసెర్చ్ టీమ్‌లో అసలు ఎవరెవరుంటారు, రోజూ ఏం చేస్తారు?

గుంటూరు_ఫిజియో:

అందరికీ నమస్తే. నేను బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చేసి గుంటూరులో పిల్లల థెరపీ సెంటర్‌లో చేస్తున్నా, వచ్చేవాళ్ళలో సగానికి పైగా సెరిబ్రల్ పాల్సీ (సీపీ, చిన్నప్పుడే మెదడు దెబ్బతిని కదలికలు కష్టమవడం) ఉన్న పిల్లలే. కెనడాలో ఆంటారియోలో ఒక యూనివర్సిటీలో రిహాబిలిటేషన్ సైన్స్ ఎమ్మెస్సీకి సీటు దాదాపు ఖాయమైంది, థీసిస్ ఉండే కోర్సు. నన్ను తీసుకుంటానన్న మేడమ్ టీమ్ రిహాబిలిటేషన్, నాలెడ్జ్ ట్రాన్స్‌లేషన్ రెండిటి మీదా పనిచేస్తుందంట, అంటే రీసెర్చ్‌లో తేలిన విషయాన్ని థెరపీ రూముకీ ఇంటికీ చేర్చే పని అని నాకు అర్థమైంది.

టీమ్‌లో ఎవరున్నారా అని చూస్తే మాత్రం తికమకగా ఉంది. డాక్టరు ఒక్కరే, మిగతా అంతా ఓటీలు (రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టులు), ఫిజియోలు, ఒక స్పీచ్ థెరపిస్టు, ఒక స్టాటిస్టీషియన్, ఇద్దరు ముగ్గురు కోఆర్డినేటర్లు, నాలెడ్జ్ బ్రోకర్ అని ఒకావిడ, పేరెంట్ పార్ట్‌నర్స్ అని ఇద్దరు మామూలు అమ్మలు. అమ్మలు రీసెర్చ్ టీమ్‌లో ఏం చేస్తారో నాకైతే ఊహ అందట్లేదు. మా పెద్దనాన్న అయితే "పేషెంటు మీద చెయ్యి వెయ్యని ఫిజియో ఏం ఫిజియోరా, అంత డబ్బు పోసి వెళ్ళేది కాగితాలు రాసుకోడానికా" అని ఒకటే పోరు.

అక్కడ అలాంటి టీమ్స్‌లో ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్, ఎవరు ఏం చేస్తారు, ఆ పని నిజంగా పిల్లాడి దాకా వస్తుందా, రేపు నేను వెనక్కొస్తే ఇక్కడ పనికొస్తుందా?

ఆంటారియో_అక్క:

తమ్ముడూ, నేను ఇలాంటి టీమ్‌లోనే రీసెర్చ్ కోఆర్డినేటర్‌ని, ఇండియాలో ఓటీ చేసి వచ్చా. మా టీమ్ పేరు చెప్పను కానీ అందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటి చెప్తా, నువ్వు రోజూ వాడే వస్తువే అది.

నీ కేస్ షీట్‌లో జీఎంఎఫ్‌సీఎస్ లెవెల్ 3, లెవెల్ 4 అని రాస్తావు కదా, అదే, సీపీ పిల్లాడు ఎంతవరకు కదలగలడో ఐదు లెవెల్స్‌గా చెప్పేది (1 తేలిక, 5 బాగా కష్టం), అది వచ్చింది హామిల్టన్‌లో మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో ఉన్న క్యాన్‌చైల్డ్ అనే సెంటర్ నుంచి. దాన్ని 1989లో మొదలుపెట్టింది ఇద్దరు, పీటర్ రోజెన్‌బామ్ అని పిల్లల డాక్టరు, మేరీ లా అని ఓటీ. డాక్టరు పైన, థెరపిస్టు కింద అని కాకుండా ఇద్దరూ సమానంగా కూర్చుని మొదలెట్టారన్నమాట, మన దగ్గర ఇప్పటికీ అరుదు ఇది. 1997లో జీఎంఎఫ్‌సీఎస్ పేపర్ వచ్చినప్పుడు ముందు పేరు రాబర్ట్ పలిసానో, ఆయన ఫిజియో, డాక్టరు కాదు. మీ పెద్దనాన్నకి ముందు ఈ ముక్క చెప్పు. ఆ లిస్టులో స్టీఫెన్ వాల్టర్ అని స్టాటిస్టీషియన్ కూడా ఉన్నాడు. ఐదు లెవెల్స్ అని మనం ఈజీగా అంటాం కానీ ఒకే పిల్లాడిని ఇద్దరు థెరపిస్టులు విడివిడిగా చూసి ఒకే లెవెల్ ఇస్తున్నారా లేదా అనేది లెక్కగట్టి చూపించకపోతే అది ఎవరి నోటికొచ్చిన మాట వాళ్ళదే అవుతుంది, ఆ లెక్క వాళ్ళ పని.

తర్వాత 2002లో ఇదే గుంపు 657 మంది పిల్లల్ని కొన్నేళ్ళ పాటు మళ్ళీ మళ్ళీ కొలిచి, వయసుతో కదలికలు ఎంత పెరుగుతాయో చూపించేలా లెవెల్‌కి ఒకటి చొప్పున ఐదు గ్రోత్ కర్వ్స్ గీశారు, జామా జర్నల్‌లో వచ్చింది. దాని వెనక ఉండేది మాలాంటి కోఆర్డినేటర్ల చాకిరీ అని ఎవరూ చెప్పరు. పిల్లాడి రెండో అసెస్‌మెంట్ డేట్ దాటిపోకుండా ఫోన్ చెయ్యాలి, వాళ్ళు ఇల్లు మారితే కొత్త అడ్రస్ పట్టుకోవాలి, ఎథిక్స్ కమిటీకి ప్రతి సంవత్సరం రెన్యువల్ పంపాలి, కన్సెంట్ ఫారంలో ఒక్క లైను మారినా అందరి సంతకాలూ మళ్ళీ తేవాలి, స్నో పడి అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ అయితే ఆ కుటుంబాన్ని బతిమాలుకుని ఇంకో రోజు పెట్టించాలి. నా రోజులో సగం ఎక్సెల్ షీటు, సగం ఫోను. ఒక్క పిల్లాడు మధ్యలో జారిపోయినా ఆ కర్వ్‌లో ఒక చుక్క పోయినట్టే.

ఇక నాలెడ్జ్ ట్రాన్స్‌లేషన్ సంగతి. ఇక్కడ హెల్త్ రీసెర్చ్‌కి డబ్బిచ్చే గవర్నమెంటు సంస్థ సీఐహెచ్ఆర్ 2000లో పుట్టినప్పుడే, రీసెర్చ్ చెయ్యడంతో సరిపోదు అది జనం ఆరోగ్యానికి పనికొచ్చేలా చేర్చాలి అని చట్టంలోనే రాసిపెట్టారు. అందుకే గ్రాంట్ అప్లికేషన్‌లో "ఇది ఎవరికి ఎలా చేరుస్తారు" అని అడుగుతారు. 2006లో ఇయాన్ గ్రాహమ్ వాళ్ళు నాలెడ్జ్ టు యాక్షన్ అని ఒక బొమ్మ గీశారు, మధ్యలో గరాటు, చుట్టూ చక్రం. నువ్వు వచ్చాక మొదటి సెమిస్టర్‌లోనే అది నీ కళ్ళలోకి పొడుస్తారు, ఇప్పుడు చెప్పి విసిగించను.

నాలెడ్జ్ బ్రోకర్ అంటే రీసెర్చ్‌లో తేలింది తోటి థెరపిస్టులకి చేర్చే మనిషి, మా దగ్గర ఉన్నావిడ వారంలో సగం రోజులు క్లినిక్‌లో ఫిజియోగానే ఉంటుంది. అదే కిటుకు అంతా. 2010లో క్యాన్‌చైల్డ్ నుంచి డయాన్ రసెల్ వాళ్ళు వేసిన స్టడీ ఒకటుంది, మూడు ప్రావిన్సుల్లో పిల్లల రిహాబ్ సెంటర్లలో అప్పటికే పనిచేస్తున్న థెరపిస్టుల్లోంచే బ్రోకర్లని తీసుకుని ఆరు నెలలు నడిపారు, యూనివర్సిటీ నుంచి ఎవరినో పంపి లెక్చర్ ఇప్పించలేదు. పక్క టేబుల్ మనిషి చెప్తే వింటారు, సూటు వేసుకొచ్చినోడు చెప్తే టీ బ్రేక్ ఎప్పుడా అని చూస్తారు, అంతే కదా ఎక్కడైనా.

సికింద్రాబాద్_ఓటీ:

అక్కా చెప్పిందంతా బాగుంది, కాదనను. కానీ రెండో వైపు కూడా విను తమ్ముడూ.

మన దగ్గర జీఎంఎఫ్‌సీఎస్ లెవెల్ రాయడం వచ్చేసింది, దాంతో ఏం చెయ్యాలో మాత్రం రాలేదు. లెవెల్ రాసి ఫైల్ మూసేస్తాం. ఉదాహరణకి తుంటి సంగతి. మెల్‌బోర్న్ వైపు చేసిన స్టడీ (2006) చూడు, లెవెల్ 1 పిల్లల్లో తుంటి జారడం సున్నా, లెవెల్ 5 కి వచ్చేసరికి 90 శాతం. అంటే లెవెల్ రాసిన మరుక్షణమే ఈ పిల్లాడికి హిప్ ఎక్స్‌రే ఎప్పుడు అనేది కూడా తేలిపోవాలి. ఎన్ని సెంటర్లలో తేలుతోంది? నేను చూసినంతలో పిల్లాడు డైపర్ మార్చేటప్పుడు ఏడుస్తున్నాడు అని అమ్మ చెప్పాక, అప్పుడు ఎక్స్‌రే. అప్పటికే తుంటి సగం బయట ఉంటుంది, ఇంక సర్జరీయే.

ఇంకోటి, 2013లో ఆస్ట్రేలియాలో అయోనా నోవాక్ వాళ్ళు సీపీ థెరపీలన్నిటినీ ట్రాఫిక్ లైట్ లాగా ఆకుపచ్చ (చెయ్యండి), పసుపు (ఆలోచించి), ఎరుపు (ఆపండి) అని విడగొట్టి పెట్టారు. మనం కాలేజీలో నేర్చుకుని గర్వంగా సర్టిఫికెట్ గోడకి తగిలించుకున్న పాత పద్ధతి ఎన్‌డీటీ, అదే పిల్లాడిని మనం పట్టుకుని మనమే కదిలించేది, అందులో ఎరుపులో ఉంది. పిల్లాడు తనకి కావాల్సిన పని తనే చేస్తూ నేర్చుకునేవి ఆకుపచ్చలో ఉన్నాయి. ఈ ముక్క ఒక వర్క్‌షాప్‌లో అంటే సీనియర్లు నాతో మాట్లాడ్డం మానేశారు కొన్నాళ్ళు, నిజంగా. హైపర్‌బారిక్ ఆక్సిజన్ అని చాంబర్‌లో కూర్చోబెట్టేది ఉంది కదా, క్యుబెక్‌లో 111 మంది పిల్లల మీద పెట్టిన ట్రయల్ 2001లోనే లాన్సెట్‌లో వచ్చింది, ఆక్సిజన్ ఇచ్చినవాళ్ళూ, కొంచెం ప్రెషర్‌తో మామూలు గాలి ఇచ్చినవాళ్ళూ ఇద్దరూ ఒకేలా మెరుగయ్యారు. ఇన్నేళ్ళయినా మన ఊళ్ళలో ఒక్కో సిట్టింగ్‌కీ డబ్బు లాగుతూనే ఉన్నారు, బంగారం తాకట్టు పెట్టి తెచ్చి కడుతున్నారు అమ్మానాన్నలు.

కాబట్టి కొత్త రీసెర్చ్ కంటే ఉన్నది చేర్చే మనిషే మనకి కావాలి, ఆ మనిషికి జీతం ఇచ్చేవాడే లేడు. ఆర్‌బీఎస్‌కే (గవర్నమెంటు పిల్లల ఆరోగ్య పథకం) కింద జిల్లాకో డీఈఐసీ, అంటే చిన్నప్పుడే సమస్య పట్టి థెరపీ ఇచ్చే సెంటర్ అన్నారు, మంచి ఆలోచన, కానీ అక్కడున్న ఒక్క ఫిజియో పొద్దున్నుంచి లైను చూసుకుంటాడా, పేపర్లు చదివి పక్కవాళ్ళకి చెప్తాడా? మా సెంటర్‌లో నేనే ఏ4 కాగితం మీద లెవెల్ వారీగా హిప్ ఎక్స్‌రే టైమ్‌టేబుల్ తెలుగులో రాసి రిసెప్షన్ పక్కన అంటించా, ఫీజు కట్టే కిటికీ దగ్గర అయితే అందరూ ఆగుతారు కదా. ఇప్పుడు అమ్మలే వచ్చి "మేడమ్ మా వాడికి ఎక్స్‌రే టైమ్ అయింది" అంటున్నారు. నా ఉద్యోగం డిస్క్రిప్షన్‌లో ఆ పని లేదు.

ఎల్బీనగర్_కుర్రోడు:

ఇదంతా ఫారిన్ వాళ్ళు గ్రాంట్లు తెచ్చుకుని మీటింగులు పెట్టుకునే ప్రోగ్రాం బ్రో. అమ్మల్ని కూడా ఫొటో కోసమే పెడతారు. లైట్ తీస్కో.

మిస్సిసాగా_అమ్మ:

పైన బాబుకి జవాబు చెప్దామనే లాగిన్ అయ్యా. నేను అలాంటి ఫొటోలో ఉన్న అమ్మనే. మాది రాజమండ్రి, మా చిన్నవాడికి సీపీ, లెవెల్ 4, ఇక్కడే పుట్టాడు.

ఫొటో కోసం పెట్టేవాళ్ళు లేరని అనను, ఒక కమిటీలో నన్ను పిలిచి రెండు గంటలు కూర్చోబెట్టి ఆఖర్లో "ఎనీ థాట్స్" అన్నారు, అంతా అయిపోయాక ఇంక థాట్స్ ఏంటి, మళ్ళీ వెళ్ళలేదు. కానీ ఇప్పుడున్న టీమ్ అలా కాదు. గంటకింత అని నా టైమ్‌కి డబ్బిస్తారు, పార్కింగ్ ఇస్తారు, పేపర్ కాకముందే డ్రాఫ్ట్ పంపిస్తారు. అది మర్యాద కోసం చేసేది కాదు, ఇక్కడ 2011 నుంచి స్పోర్ అని సీఐహెచ్ఆర్ వాళ్ళదే ఒక స్ట్రాటజీ ఉంది, పేషెంట్లూ కుటుంబాలూ రీసెర్చ్‌లో పార్ట్‌నర్స్‌గా ఉండాలని.

నేనేం చేశానో ఒక్కటి చెప్తా. అక్క చెప్పిన ఆ గ్రోత్ కర్వ్స్ గురించి పేరెంట్స్‌కి ఒక రెండు పేజీల కాగితం తయారు చేస్తున్నారు. అందులో మొదటి పేరాలోనే, కదలికల్లో పిల్లాడు చేరుకోగలిగిన దాంట్లో 90 శాతం దాదాపు ఐదేళ్ళ లోపే వచ్చేస్తుంది, లెవెల్ 5 అయితే మూడేళ్ళ లోపే, అని ఉంది. నిజమే అది, లెక్క తప్పు కాదు. నేను ఆ లైను దగ్గర ఆగిపోయా. మా వాడికి అప్పుడు ఆరు నడుస్తోంది. రాత్రి పదకొండింటికి పిల్లాడిని పడుకోబెట్టి ఫోన్‌లో ఇది చదివే అమ్మకి "అయితే ఇంక అయిపోయిందన్నమాట" అనే వినపడుతుంది అని చెప్పా. ఒక రీసెర్చరమ్మ, "కానీ ఇది కూర్చోడం, నిలబడ్డం, నడవడం లాంటి వాటికే కదా" అంది. అదే, ఆ ముక్క ఎక్కడుంది మీ కాగితంలో అంటే రెండో పేజీ కింద ఉంది! దాన్ని పైకి తెచ్చారు. మాట, చదువు, స్నేహితులు, చేత్తో చేసే పనులు ఇవేవీ ఈ కర్వ్‌లో లేవు, కుర్చీలో కూర్చుని స్కూల్లో లీడర్ అయిన పిల్లాడు కూడా ఈ కర్వ్‌లో కింద గీత మీదే ఉంటాడు, అని రాయించా. ఆ లైను నాది, కాగితం మీద నా పేరుంది.

ఎఫ్ వర్డ్స్ అని ఒకటి ఉంది, నువ్వు విన్నావో లేదో. 2012లో రోజెన్‌బామ్ గారు, యాన్ విల్లెమ్ గోర్టర్ గారు కలిసి రాసింది, ఇంగ్లీషులో ఎఫ్‌తో మొదలయ్యే ఆరు మాటలు: ఫంక్షనింగ్, ఫ్యామిలీ, ఫిట్‌నెస్, ఫన్, ఫ్రెండ్స్, ఫ్యూచర్. డబ్ల్యూహెచ్ఓ వాళ్ళ పెద్ద ఫ్రేమ్‌వర్క్‌ని (ఐసీఎఫ్) మాలాంటోళ్ళకి అర్థమయ్యేలా చేశారన్నమాట. తర్వాత ఆండ్రియా క్రాస్ అని వాళ్ళ పీహెచ్‌డీ స్టూడెంట్ పేరెంట్స్‌తో కలిసి దాన్ని వెబ్‌సైట్‌గా, పోస్టర్లుగా, పిల్లాడి చేత నింపించే షీట్లుగా చేసింది. మా వాడు ఫన్ దగ్గర "నాన్నతో క్రికెట్, నేనే అంపైర్" అని రాయించాడు. థెరపిస్టు అది చూసి గోల్ మార్చేసింది, నిలబడే టైమ్ పెంచడం కాకుండా, వాకర్‌లో ఉండి ఒక చెయ్యి వదిలి నోబాల్ సిగ్నల్ ఇవ్వడం. బ్యాలెన్స్ ప్రాక్టీస్ అదే, వాడికి మాత్రం మ్యాచ్.

ఇదంతా తెలిశాక కూడా మా అత్తగారు రాజమండ్రి నుంచి వాట్సాప్‌లో "ఆరు నెలల్లో నడిపిస్తారంట" అని ఎవరో సెంటర్ వీడియో పంపుతూనే ఉంటారు. ఆవిడ ప్రేమ ఆవిడది. నేను ఆ కర్వ్ కాగితం తెలుగులో చెప్పి వాయిస్ మెసేజ్ పెట్టా, విని "అయితే వాడికి ఆ అంపైర్ టోపీ కొనిపెట్టు" అన్నారు.

ఎల్బీనగర్_కుర్రోడు:

సారీ ఆంటీ, నేను వేరేలా అనుకున్నా. మా మేనత్త కొడుక్కి కూడా ఉంది సీపీ, ఆ ఆక్సిజన్ చాంబర్‌కే తిప్పుతున్నారు. ఆ ట్రాఫిక్ లైట్‌ది ఎవరైనా నాకు ఇన్‌బాక్స్ చెయ్యండి.

గుంటూరు_ఫిజియో:

అమ్మా, అక్కా, మేడమ్, అందరికీ థ్యాంక్స్. అమ్మలు ఏం చేస్తారో ఇప్పుడు అర్థమైంది, మా పెద్దనాన్నకి ఫోన్‌లో చదివి వినిపించా, పలిసానో ఫిజియో అన్న దగ్గర కొంచెం మెత్తబడ్డాడు. ఇంకో డౌటు, ఈ ఎమ్మెస్సీ అయ్యాక అక్కడ ఫిజియోగా కూడా చెయ్యొచ్చా? అలాగే మేడమ్‌కి ఓకే చెప్పే ముందు ఏం అడగాలి?

ఆంటారియో_అక్క:

ఇది చాలామంది బోర్లాపడే చోటు, జాగ్రత్త. థీసిస్ ఉండే ఎమ్మెస్సీ రీసెర్చ్ డిగ్రీ, దాంతో ఫిజియో లైసెన్స్ రాదు. ఇక్కడ కొత్తగా ఫిజియో అయ్యేవాళ్ళు చదివే మాస్టర్స్ వేరే కోర్సు. నువ్వు ఆల్రెడీ బీపీటీ కాబట్టి నీ దారి వేరు, ముందు నీ డిగ్రీని క్యాపర్ అనే సంస్థ చేత ఎవాల్యుయేట్ చేయించుకోవాలి, తర్వాత పరీక్ష, ఆ తర్వాత ప్రావిన్స్ కాలేజీలో (చదివే కాలేజీ కాదు, లైసెన్స్ ఇచ్చే సంస్థ) రిజిస్ట్రేషన్. చదువు పక్కన అది కూడా నడిపించుకునేవాళ్ళున్నారు, కానీ ఏజెంట్ ఎవడైనా "ఎమ్మెస్సీ చేస్తే చాలు ఫిజియో అయిపోతావు" అంటే ఫోన్ పెట్టెయ్.

మేడమ్‌ని అడగాల్సినవి: డబ్బు ఎక్కడినుంచి, గ్రాంటా, టీచింగ్ అసిస్టెంట్‌షిప్పా, అది ఎప్పటిదాకా ఉంది, రెండో ఏడాది మధ్యలో గ్రాంట్ అయిపోతే నీ గతేంటి. మొహమాటం వద్దు, ఇక్కడ అది మామూలు ప్రశ్నే. తర్వాత నీ థీసిస్ టాపిక్ కోసం క్లినిక్‌కి ఎవరు వెళ్తారు, నువ్వా, ఇంకెవరైనా తెచ్చిన డేటా మీద కూర్చుంటావా. టీమ్‌లో ఇప్పుడున్న స్టూడెంట్స్ ఇద్దరికి విడిగా మెయిల్ పెట్టు, ప్రొఫెసర్ డ్రాఫ్ట్ ఇస్తే ఎన్నాళ్ళకి తిరిగి ఇస్తారు అని అడుగు. నా అనుభవంలో స్టూడెంట్ బతుకు టాపిక్ మీద కంటే దాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. కోఆర్డినేటర్ ఎన్నేళ్ళుగా ఉందో కూడా చూడు, ఏడాదికొకరు మారుతున్నారంటే ఏదో తేడా ఉంది.

సికింద్రాబాద్_ఓటీ:

వెళ్ళేలోపు నీకు టైమ్ ఉంది కదా, ఒక పని చెయ్యి. మీ సెంటర్ ఫైల్స్‌లో లెవెల్ 3, 4, 5 పిల్లల్ని తీసి, ఎంతమందికి హిప్ ఎక్స్‌రే ఉందో చూడు. ఉన్నవాళ్ళది కూడా పొజిషన్ చూడు, మోకాలి చిప్పలు పైకి చూడాలి, కాళ్ళు దగ్గరకీ దూరానికీ కాకుండా తిన్నగా ఉండాలి, లేకపోతే తుంటి ఎంత బయటికి జారిందని ఆ ఫిల్మ్ మీద కొలిచే పర్సెంటేజ్ నమ్మలేం. నీ థీసిస్ టాపిక్ అక్కడే దొరకొచ్చు.

గుంటూరు_ఫిజియో:

మేడమ్, ఇవాళ లంచ్‌లో కూర్చుని తీశా. ఎక్స్‌రే ఉన్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే, వాళ్ళలో ఇద్దరికి సర్జరీ కోసం తీయించినవే. ఒక ఫిల్మ్‌లో పిల్లాడి కాళ్ళు కత్తెరలా ఉన్నాయి, ఎవరూ పట్టుకోలేదు. మా సార్‌కి చూపిస్తే ఎక్స్‌రే మనం రాయలేం కదా, పీడియాట్రీషియన్ రాయాలి అన్నారు.

సికింద్రాబాద్_ఓటీ:

అవును, డాక్టరే రాయాలి. మాకూ అదే అడ్డం వచ్చింది. పిల్లల డాక్టరు దగ్గరికి అమ్మ చేతిలో ఒక చీటీ పంపు: పేరు, వయసు, జీఎంఎఫ్‌సీఎస్ లెవెల్, ఆఖరి ఎక్స్‌రే ఎప్పుడు, పెల్విస్ ఏపీ ఫిల్మ్ (తుంటి ఎముకలకి ముందు నుంచి తీసే ఎక్స్‌రే) కోరుతున్నాం, పొజిషన్ ఇలా, కింద నీ సంతకం, ఫోన్ నంబరు. పెద్ద లెటర్ రాయకు, ఓపీలో చదవరు. నా చీటీ ఫొటో ఇన్‌బాక్స్‌లో పెట్టా, పేరు మార్చుకుని వాడుకో. లెవెల్ 5 వాళ్ళతో మొదలుపెట్టు.